కాఠ్మండు రెండు గంటలే

మా అక్క మొగుడు చౌటుప్పల్‌లో ప్లాట్లు అమ్ముతాడు. కిలోమీటరు అనే మాట ఆయన నోట రాదు. ఎంత దూరమైనా నిమిషాల్లోనే చెబుతాడు, అదీ హైవే మీద ఒక్క లారీ కూడా లేని రోజు లెక్క. రాళ్ళు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేని జాగా చూపించి "ఎయిర్‌పోర్టు నలభై నిమిషాలే" అని కోతలు కోస్తే నమ్మి కొన్నవాళ్ళున్నారు. వాళ్ళ మీద నాకు జాలి కూడా లేదు.

నేను పనిచేసే మందుల కంపెనీ నన్ను ఆరు నెలలకు కాఠ్మండు పంపినప్పుడు, ఈయన చిట్యాలలో మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని ఫోన్ చూసి తీర్పు చెప్పాడు.

"రెండు గంటలే. మనం నల్గొండల బస్సెక్కి పాలమూరు పోయేలోపు వీడు నేపాల్‌ల దిగి చాయ్ గూడ తాగుతడు."

అందరూ తలలూపారు. దిక్కుమాలిన తలలు. శంషాబాద్ చేరడానికి ఎంతసేపు, లైన్లో ఎంతసేపు, ఢిల్లీలో దిగి ఇంకో విమానం కోసం ఎంతసేపు, ఒక్కరైనా అడగలేదు. నేను పొద్దున బయలుదేరి చీకటి పడ్డాక చేరాను.

నాలుగో నెలలో మా అవ్వ పోయింది. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. శవపెట్టె మీద మూత పెట్టేలోపు ఆమె మొహం ఒక్కసారి చూడాలి, అంతే, నాకు ఇంకేమీ వద్దు. దొరికిన టికెట్టు మధ్యాహ్నానిది. ఢిల్లీలో మళ్ళీ రాత్రి దాకా కూర్చోవాలి.

ఇక్కడ చిట్యాలలో అక్క, అవ్వను ఉంచడానికి నల్గొండ నుంచి కిరాయికి ఫ్రీజర్ తెప్పిద్దామందట. "రెండు గంటల దూరానికి ఫ్రీజర్ ఎందుకే" అన్నాడట ఈ మహానుభావుడు. ఎండాకాలం, రేకుల ఇల్లు. నాలుగింటి దాకా చూసి, ఇంక ఉంచడం మంచిది కాదన్నారు పాస్టరుగారు. నేను విమానంలో ఉండగా అవ్వను మట్టి చేశారు.

తెల్లారి ఇంట్లో అడుగు పెడుతూనే బావ మీదికి పోయాను. "నీ నిమిషాల లెక్క మన్నుగాను. మా అవ్వ మొహం నాకు లేకుండ చేసినవ్" అన్నాను. ఆయన తల దించుకున్నాడు. అక్క మధ్యలోకి వచ్చింది.

"ఆయననెందుకంటవ్ తమ్మీ? పొద్దుగాల ఫోన్‌ల నువ్వేమన్నవ్? రెండు గంటలే గద బావా, వస్తున్న, ఆపుండ్రి అన్నవ్. నేను పక్కకే ఉన్న."

అన్నాను. టికెట్టు చూడకముందే అన్నాను. చూశాక ఒక్క ఫోన్ చేస్తే ఫ్రీజర్ వచ్చేది. కానీ ఆ కోతలరాయుడి ముందు నా లెక్క తప్పని ఒప్పుకోవడానికి నామోషీ అనిపించి చేయలేదు.