అక్క పాస్‌పోర్టు

సెల్‌ఫోన్లు ఇంకా కొత్తగా ఉన్న రోజులు. తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కిన అక్కాచెల్లెళ్లు నా ఎదురుగా కూర్చున్నారు. ఏలూరు కోర్టుకి వెళ్తున్నామంది అక్క. ఎందుకని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మా చెల్లి నా పాస్‌పోర్టు మీద కువైట్ వెళ్లిందండి, అప్పటికి దానికి వయసు చాలక. పనిచేసే ఇంట్లోంచి పారిపోతే పట్టుకుని, నా పేరు మీదే వెనక్కి పంపేశారు. ఇప్పుడు మా ఆయన అక్కణ్ణుంచి నాకు వీసా పెడితే, ఈ పేరున్న మనిషిని ఇక రానివ్వం అన్నారంటండి. నేను విమానం మొహమే చూడలేదు."

"నిజం చెప్పేయకూడదా అమ్మా?"

"చెబితే ఇద్దరం జైలుకేనండి. ఆయన నాకు విడాకులిచ్చి దీన్ని చేసుకుంటానన్నారు. దీని పేరు శుభ్రంగానే ఉంది కదండి."

చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తూనే చెయ్యి చాపింది. అక్క తన పెళ్లి ఉంగరం తీసి ఆ వేలికి తొడిగింది. వదులైంది.

"కాస్త దారం ఉంటే ఇస్తారా అండి?" అని నన్నడిగింది.

నా తువ్వాలు అంచు నుంచి ఒక పోగు లాగి ఇచ్చాను. దాన్ని ఉంగరానికి చుట్టి మళ్లీ తొడిగింది.

"ఇప్పుడు బాగా సరిపోయిందమ్మా" అని కూడా అన్నాను.