పెద్దమ్మ రెండు వేళ్లు

నేను ఎప్పుడు అలిగినా పెద్దమ్మ ఇట్టే పట్టేసేది. మూతి ముడిస్తే ఆకలట, మొహం గంటు పెట్టుకుంటే కోపమట. "ఏంది బిడ్డా, గా మూతి!" అంటూ రెండు వేళ్లతో నా పెదాలు సాగదీసేది. నవ్వేదాకా వదిలేది కాదు.

ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని ఆమే మూతి పక్కకు పెట్టుకుని కూర్చుంది. ముందురోజు నేను బోరంచ గుడికి తీసుకెళ్లలేదని అలిగిందనుకున్నాను.

"ఏంది పెద్దమ్మా, గా మూతి!" అని నేనూ రెండు వేళ్లు పెట్టాను. కుడి పెదవి మెత్తగా వేలాడింది. అటునుంచి చాయ్ కారుతోంది. ఆమెకు మాట రావడం లేదు. ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను.

"జల్దీ పోనీ అన్నా!" ఖేడ్ దవాఖానకు పోతున్న ఆటోలో, భయంతో ఏడుపు ఆపుకుంటూ మూతి బిగించాను.

పెద్దమ్మ ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. రెండు వేళ్లు నా పెదాల కోసం తడుముకున్నాయి.