పిన్ని నొప్పికి రెండు మార్కులు

న్యూజెర్సీలో ఉద్యోగం రావడంతో ఎడిసన్‌లో పిన్ని, బాబాయిల దగ్గర ఉంటున్నాను. ఈ వేసవిలో పిన్నికి గాల్‌బ్లాడర్ తీశారు. మర్నాడు హాస్పిటల్లో తోడుగా నేను, నా చేతిలో మామూలుగానే ఫోనూ ఉన్నాం.

నర్సు వచ్చినప్పుడల్లా నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగేది. ఆ అంకెను బట్టే డాక్టర్‌ని పిలవాలో వద్దో చూస్తారు. పిన్ని నవ్వుతూ "టూ" అనేది. మధ్యాహ్నం నర్సు అటు వెళ్లగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కడుపులో కత్తులు దిగుతున్నట్టుందే."

"మరి టూ అన్నావేంటి పిన్నీ! పిచ్చా నీకు?"

"పాపం, ఆ పిల్ల పొద్దుట్నుంచి కూర్చోలేదే. టెన్ అంటే కంగారు పడిపోతుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ మంచం మీద పడేసి కారిడార్‌లోకి పరిగెత్తాను. "మొహం చూస్తే తెలీదా మీకు?" అని ఇంగ్లిష్‌లో నర్సు మీద అరిచాను. ఆమె గబగబా వచ్చి, పొట్ట తాకి చూసి, డాక్టర్లను పిలిచింది. లోపల రక్తస్రావం అవుతోందట. వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు.

"ఆ అమ్మాయిని ఏమీ అనకే. నేనే సరిగ్గా చెప్పలేదు" అంది పిన్ని, స్ట్రెచర్ మీంచి. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

దయచేసి హాస్పిటల్లో మొహమాటపడకండి. నొప్పి ఎంత ఉంటే అంతా చెప్పండి.

పరామర్శకు వచ్చినవాళ్లు ఎలా ఉన్నారని అడిగితే బాబాయి, "పర్లేదండీ, బాగానే ఉన్నా" అంటున్నాడు. వాళ్లు వెళ్లాక నేను పక్కన కూర్చుని మళ్లీ అడుగుతాను. నిజం చెప్పేదాకా లేవను.

– హారిక, ఎడిసన్