ఉప్పు లేని ముద్ద

దెయ్యాలంటే నవ్వే మనిషిని నేను. ఇప్పటికీ నవ్వుతాను. కలకత్తా గార్డెన్ రీచ్‌లో రేవు కూలీల పిల్లలకు ముప్పై ఏళ్లు తెలుగు, లెక్కలు చెప్పిన పంతులమ్మని. నా చెవిలో పువ్వు పెట్టడం అంత తేలిక కాదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా అమ్మ సూరమ్మ అక్కడ ఒక క్రైస్తవుల పాత శ్మశానంలో ఊడ్చే పని చేసేది. చదువు రాదు కాబట్టి సమాధులకు తనే పేర్లు పెట్టుకుంది. ఒకటి రెక్కల పిల్ల, ఒకటి విరిగిన స్తంభం. పడమటి గోడ పక్కన ఒక నల్లరాయి ఉండేది, దాని మీద ఒక్క అక్షరం లేదు. దాన్ని మాత్రం ‘తమ్ముడుబాబు’ అనేది.

బయట ఎక్కడైనా కూడు విప్పితే ముందు ఒక ముద్ద పక్కన పెట్టడం మా శ్రీకాకుళం వైపు అలవాటు. ఆ చోట ఎవరుంటే వాళ్లకని. అమ్మ ఆ ముద్ద నల్లరాయి మీద పెట్టేది. అయితే పొద్దున్నే చప్పిడి సద్దికూడులోంచి ఆ ముద్ద తీసి ఆకులో కట్టుకునేది, తన ఉప్పు వేరే పొట్లంలో తెచ్చుకుని తినేటప్పుడు కలుపుకునేది. ఎందుకే అమ్మా అంటే ఒకటే జవాబు.

“ఆడి అన్నొచ్చీదాకా ఆడు ఉప్పు ముట్టడే.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవులు సెప్తారేటి? ఊడుస్తా ఉంటే తెలుస్తాది.”

నాకు తిక్క రేగేది. ఒక సెలవు రోజు అమ్మకు తెలియకుండా ఆ ఆకులో ముద్దకు ఉప్పు కలిపేశాను. మధ్యాహ్నం నేనూ వెళ్లి కూర్చున్నాను. కలకత్తా కాకుల సంగతి తెలిసిందే, చేతిలోది లాక్కుపోయే రకం. ఆరేడు వచ్చాయి, రాయి చుట్టూ గెంతాయి, ముద్ద జోలికి మాత్రం పోలేదు. అమ్మ నా మొహం చూసింది. “ఉప్పేసినావేటే? ఓలమ్మో, ఆకలి మీదున్నోడితో ఆటలేటే నీకు!” అని తిట్టి, ఆ ముద్ద తీసేసింది. నాకు సిగ్గేసింది, కానీ కాకులే కదా, కడుపు నిండి ఉంటాయిలే అనుకున్నాను.

అమ్మకీ ఒక అన్న ఉండేవాడు. ఆమెకు ఏడేళ్లప్పుడు అప్పన్న మామయ్య బారువ రేవులో రంగూన్ ఓడ ఎక్కాడు. పంట చేతికొచ్చేసరికి వచ్చేస్తానన్నాడు. మళ్లీ కబురు లేదు. తన అన్న బెంగ ఆ రాయి మీద పెట్టుకుందని నేను తేల్చేశాను. చదువుకున్నదాన్ని కదా, అన్నీ తేల్చేస్తాను.

ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన కొన్నేళ్లకు, ఒక చలికాలం శనివారం, ఒంటిపూట బడి అయ్యాక అమ్మకు మందులు ఇవ్వడానికి వెళ్లాను. శ్మశానం ఆఫీసు గుమాస్తా, మేం దాదా అని పిలిచే బెంగాలీ ఆయన, నన్ను చూసి పరుగున వచ్చాడు. ఎవరో అమెరికా ముసలాయన వచ్చాడట, కాస్త ఇంగ్లీషులో మాట్లాడమని.

ఆయన పేరు హెన్రీ. మనిషి బాగా జబ్బులో ఉన్నాడు, మెట్టు ఎక్కితే ఆయాసం. వాళ్ల మూలపురుషుడు జేకబ్ జర్మనీలో ఒక పల్లెటూరి రైతు. అమెరికా ఇంకా కొత్త దేశంగా ఉన్న రోజుల్లో ఓడెక్కి అక్కడికి పోయి అడవి కొట్టి పొలం చేసుకున్నాడు. తమ్ముడు పీటర్ తర్వాతి ఓడలో రావాలి. రాలేదు. ఏదో ఓడలో పనికి కుదిరి కలకత్తా చేరాడని, జ్వరంతో ఉన్నాడని ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. అంతే. వాళ్ల వంశంలో ఇక మిగిలింది హెన్రీ ఒక్కడే, పిల్లల్లేరు. పోయేలోపు ఆ తమ్ముడి సమాధి చూడాలని వచ్చాడు. మర్నాడు ఉదయమే విమానం.

ఆ కాలపు రిజిస్టర్లు చెదలు తినేశాయని దాదా చేతులెత్తేశాడు.  హెన్రీ తల దించుకుని, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు చెప్పాడు: విడిపోయే రోజు అన్నదమ్ములిద్దరూ ఉప్పు లేని రొట్టె తుంచుకుని తిన్నారట. మళ్లీ ఒకచోట కూర్చుని తినేదాకా ఉప్పు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారట. జేకబ్ చచ్చేదాకా ముట్టలేదు. ఇప్పటికీ ఏడాదికొక రోజు తాను చప్పిడి రొట్టె తింటానన్నాడు.

 నిజం చెబుతున్నాను, ఆ క్షణం లేచి ఇంటికి పోదామనిపించింది. గుమ్మం దగ్గర చీపురుతో నిలబడ్డ అమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆయన్ని ఎగాదిగా చూసి, “ఇన్నాళ్లు పట్టిందేటి బాబూ?” అంది.

ఆయన్ని చెయ్యి పట్టుకుని నల్లరాయి దగ్గరికి తీసుకుపోయింది. దీనికి రుజువేం లేదండీ, ఇది మా అమ్మ నమ్మకం మాత్రమే అని నేను పదే పదే చెప్పాను. ఆయన విన్నాడో లేదో. అమ్మ ఆకు విప్పి చప్పిడి ముద్ద ఆయన చేతిలో పెట్టింది. తన గిన్నెలో పొట్లం కట్టి తెచ్చుకున్న రాళ్లుప్పు ఇచ్చింది. ఆయన కలిపి సగం తిన్నాడు, సగం రాయి మీద పెట్టాడు. మేం పక్కకు జరిగామో లేదో ఒక కాకి వాలింది. మెతుకు మిగల్చకుండా తినేసింది. ఆ ముసలాయన రాయి మీద చెయ్యి వేసి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

అంతకు ముందు అమెరికా నుంచి ఎవరైనా వచ్చి ఈ కథ చెప్పారా అని దాదాను ఎన్నిసార్లు అడిగానో. ఎవరూ రాలేదన్నాడు. కాకతాళీయమే అనుకుందాం. ఒక కాకిని చూపించి చావుకి దగ్గరపడ్డ మనిషిని మోసం చేశామా అని ఎన్నో రోజులు కుమిలిపోయాను.

ఆ మధ్యాహ్నం ఆయన వెళ్లాక అమ్మ తన సద్దికూడులో ఉప్పు కలుపుకోలేదు. “ఈడి అన్నొచ్చేసినాడు. ఇంక మా అన్నే రావాల” అంది. తిట్టాను, బతిమాలాను. పోయేదాకా, తొమ్మిదేళ్లు, చప్పిడి కూడే తింది.

అమ్మ మొదటి సంవత్సరీకానికి అన్నంలో మామూలుగా ఉప్పేసిన పప్పు కలిపి మేడ మీద పెట్టాను. పిట్టగోడ నిండా కాకులే. ఒక్కటీ ముట్టలేదు. కిందికి వెళ్లి చప్పిడిది తెచ్చాను, తినేశాయి. రెండో ఏడు కావాలనే మళ్లీ ఉప్పేసి చూశాను. అదే జరిగింది. మూడో ఏడు నుంచి అలా ఉప్పేసి చూడడం మానేశాను. ఎందుకంటే భయం, మరింకేం లేదు.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. దెయ్యాల్ని నమ్మను. రంగూన్ నుంచి ఎవరూ రాలేదు, వచ్చే వయసూ కాదు. కానీ అమ్మ తద్దినం రోజు మా ఇంట్లో ఎవరి అన్నంలోనూ ఉప్పుండదు. మొన్న మా అమ్మాయి కంచం ముందు కూర్చుని, ఇది ఎన్నాళ్లమ్మా అని అడిగింది. తినవే అన్నాను.