అత్త తెచ్చిన తెలగపిండి

మొన్న శ్రీకాకుళంలో మనవరాలు ప్రసవిస్తే చూడ్డానికి వెళ్ళాను. మంచం పక్కన బల్లమీద, పాలు బాగా పడతాయని మందుల షాపులో కొన్న పొడి డబ్బా ఉంది. దాని మీద మునగాకు రెమ్మ బొమ్మ చూడగానే నాకు నవ్వాగలేదు. మా కాలం వాళ్ళయితే మీరూ నవ్వేవారే.

నా తొలి కానుపు రామతీర్థం దగ్గరి పుట్టింట్లో జరిగింది. అమ్మ పథ్యమంటే పథ్యమే. పాతబియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, గుక్కెడు వేడినీళ్ళు, అంతే. ఆకుకూర తింటే బిడ్డకు పడదనీ, నీళ్ళు తాగితే బాలింతకు ఒళ్ళు వాస్తుందనీ ఆవిడ నమ్మకం. దాహమంటే తడిగుడ్డతో పెదాలు తుడిచేది. నాకేమో పాలు చాలేవి కావు. ఈ మనవరాలి తల్లే అప్పటి పసిగుడ్డు, అది రొమ్ము పట్టి, వదిలి, గుక్కపట్టి ఏడుస్తుంటే నేనూ ఏడ్చేదాన్ని. అత్తవారు ఏమనుకుంటారోనని అమ్మ నాకంటే ఎక్కువ కుమిలిపోయేది.

అప్పుడే ఆమదాలవలస నుంచి మా అత్త వచ్చింది. వియ్యపురాలు వస్తే పీట వేసి కూర్చోబెట్టడమే గాని, ఆవిడ వంటింటి గడప తొక్కడం మా ఇళ్ళలో లేదు. మా అత్తకు అలాంటివి పట్టవు. పిల్ల ఏడుపు విని, నా ఎండిన పెదాలు చూసి, సంచిలోంచి తెలగపిండి తీసుకుని తిన్నగా పొయ్యి దగ్గరికి నడిచింది. గానుగలో నువ్వులనూనె తీశాక మిగిలే ఆ పిండిని మేము గేదె కుడితిలో కలిపేవాళ్ళం. పెరట్లో మునగాకు దూసి, వెల్లుల్లి దంచి ఆవిడ కూర వండుతుంటే అమ్మ ముఖం మాడిపోయింది.

“గొడ్డుకేసేది నా పిల్లకెడతావేటి, వదినా?”

అత్త కోపం తెచ్చుకోలేదు. ముందు తన కంచంలో వడ్డించుకుని, అమ్మ ఎదుటే నేలమీద కూర్చుని తింది.

“ఇదే తిని ముగ్గుర్ని పెంచినాను. నీళ్ళు కూడా తాగనీ, వదినా. తల్లి దాహంతో ఉంటే పాలెలా వస్తాయి?”

 చివరికి అమ్మే చెంబెడు నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. పొడిపొడిగా, కమ్మగా ఉన్న ఆ కూర తిని నేను కంచం నాకినంత పని చేశాను. నాలుగు రోజులు పోయాక పిల్ల కడుపునిండా తాగి నా ఒళ్ళోనే నిద్రపోయింది. కూర వల్లనో, నీళ్ళ వల్లనో, మాటిమాటికీ పిల్లని రొమ్ముకు అందించమని అత్త పెట్టిన పోరు వల్లనో నాకిప్పటికీ తెలియదు. అత్త వండిన మర్నాటి నుంచీ ఆ కూర వండింది మాత్రం అమ్మే. అత్త గుమ్మంలో కూర్చుని ఉప్పు చాల్లేదని వంక పెట్టేది.

మనవరాలికి నర్సమ్మే నీళ్ళు బాగా తాగమనీ, పప్పులూ ఆకుకూరలూ తినమనీ చెప్పింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ అలగలేదు. ఈ కాలపు బాలింతలు దాహంతో అల్లాడక్కర్లేదు, అందుకు నాకు సంతోషమే. మనవరాలు తనే చెంచాతో ఆ డబ్బాలోని పొడి కలుపుకుని తాగేసింది. నేను ఖాళీ గ్లాసు అందుకుంటుంటే, అమ్మా అత్తా నా కంచం కోసం ఒక్కసారి మళ్ళీ పోట్లాడుకుంటే బాగుండుననిపించింది.