అమ్మ సవరానికి మరమ్మతు

"ఇవి ఎవరి ఎంటికలు అక్కా?" అని అడిగింది పార్లర్ ఆమె.

పాత చీర ముక్కలో చుట్టి తెచ్చిన సవరాన్ని నేను ఆమె బల్ల మీద విప్పి పెట్టాను. చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె తప్పేం లేదు. తలకున్న జుట్టుకు మరమ్మతు చేయించుకోడానికి అందరూ వస్తారు. తలే లేని జుట్టును సంచిలో పెట్టుకుని వచ్చింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"మా అమ్మవి," అన్నాను. "ఆమె పోయి రెండేండ్లయింది."

ఆమె చున్నీ సర్దుకుని, అప్పుడు చేయి వేసింది.

మా అమ్మ మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. సాయంత్రం బేరం అయిపోయాక ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, గడప దగ్గర కూర్చుని మా తలలు దువ్వేది. నేను చిన్నదాన్ని కాబట్టి ముందు నా తల. తర్వాత అక్కది. ఆఖరున తనది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వేలికి చుట్టి ఉండ చేసి, పక్కనే పెట్టుకున్న పౌడరు డబ్బాలో వేసేది. నా జడకు రిబ్బను ముడి పడిందో లేదో నేను గల్లీలోకి ఉరికేదాన్ని. ఆడుకునే పిల్లకు దువ్వెన కథలు ఎందుకు?

వారానికోసారి నెత్తిన గంపతో ఒకాయన "ఎంటికలకు గిన్నెలూ" అని అరుచుకుంటూ వచ్చేవాడు. గల్లీలో అందరూ గోడ సందుల్లో దాచిన వెంట్రుకల ఉండలు తెచ్చి ఇచ్చి, గ్లాసో గంటెనో తీసుకునేవాళ్లు. మా డబ్బా మాత్రం ఆయన గంపలోకి పోలేదు. కొన్నేళ్లకు అది నిండాక, అమ్మ జహనుమాలో సవరాలు కట్టే ఒక ముసలామెకు ఇచ్చి సవరం కట్టించింది. పండగైనా, పెళ్లైనా అమ్మ జడలో అదే. నల్లగా, నడుము దాకా వేలాడే ఆ జడను పట్టుకుని నేను ఎన్ని పెళ్లి బారాతుల్లో నడిచానో లెక్కలేదు.

అమ్మ పోయాక ఆమె చీరలు వాళ్లకీ వీళ్లకీ ఇచ్చేశారు. పరుపు, దిండు ఇల్లు దాటించారు. పోయినవాళ్ల వెంట్రుకలు ఇంట్లో ఉంచుకోవద్దని ఒక పెద్దావిడ నాకు వినబడేలా రెండుసార్లు అంది. చెప్పేవాళ్లకేం పోయింది. నేను సవరాన్ని బీరువాలో, నా ఆఫీసు కాయితాల వెనక దాచాను. అమ్మ ఒంటి మీదిది ఏదో ఒకటి నా దగ్గర ఉండాలనిపించింది. ఆ సంగతి అక్క ఒక్కదానికే చెప్పాను.

అక్క కూతురి పెళ్లి కుదిరింది. అక్క ఫోన్ చేసి, "చెల్లె, ఆ సవరం తీస్కరావే. పిల్ల జడల పెడదాం," అంది. పోయినామె జుట్టు పెళ్లికూతురికి ఎలా పెడుతుందా అని ఒక్క క్షణం అనుకున్నాను. మళ్లీ, అక్కకు కూడా నాలాగే అమ్మ మీద బెంగ తీరలేదేమోలే అని ఊరుకున్నాను. అడిగి ఉంటే బాగుండేది.

తీసి చూస్తే సవరం చాయ్ రంగులోకి దిగిపోయి ఉంది. పెళ్లికూతురి జడలో ఈ రంగేమిటని నాకు తెలివి పుట్టుకొచ్చింది. పదేళ్లుగా నా తెల్లవెంట్రుకలకు కాలీ మెహందీ పెట్టుకుంటున్నదాన్ని, నాకు తెలియనిదా? నయాపూల్ దగ్గర నేను ఎప్పుడూ కొనే పొడే తెచ్చి, ఇనుప మూకుడులో నానబెట్టి, సవరానికి దట్టంగా పట్టించాను. కడిగాక ఎండలో పెడితే నలుపులోంచి నీలం కొట్టింది. ఆ సాయంత్రమే అక్క ఫోటో పంపింది. పిల్ల పెళ్లి కోసమని జుట్టుకు రంగు వేయించుకుంది. అచ్చం చాయ్ రంగు.

అక్కడితో ఆగి ఉంటే ఇంత రాసే పనే ఉండేది కాదు. నేను ఆగే రకం కాదు. పట్టిన నలుపును పోగొడదామని బ్లీచ్ పొడి తెచ్చి కలిపి పూశాను. ఆ మెహందీ పొడిలో ఆకు ఒక్కటే ఉండదని, అందులో కలిపే రసాయనాలకీ బ్లీచ్‌కీ పడదని నాకు తర్వాత తెలిసింది. ముందు చేతికి వేడి తగిలింది. తర్వాత వాసన. సన్నగా పొగ కూడా లేచింది. పరుగెత్తి నల్లా కింద పెట్టాను. నీళ్లలో ఆ వెంట్రుకలు తీగపాకంలా సాగి, చేతిలోనే తెగిపోయాయి. బాత్రూంలో నేల మీద కూలబడి ఏడ్చాను. అమ్మను రెండోసారి చంపుకున్నట్టే అనిపించింది.

ఈ కథంతా పార్లర్ ఆమెకు చెప్పాను.

"కాలీ మెహందీ మీద బ్లీచా? యా అల్లా! ఎవరు చెప్పిన్రు అక్కా మీకు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నాకే తెలివి ఎక్కువైంది."

ఆమె నవ్వలేదు. ఒక వెంట్రుకను తడిపి మెల్లగా లాగింది. సాగింది, తెగింది. "మొదలు ఎటు, కొస ఎటు?" అంది. రాలిన వెంట్రుకలతో కట్టింది కదా, దేని మొదలు ఎటో ఎవరికీ తెలియదని చెప్పాను.

"అందుకే ఇంత చిక్కు. ఒకటి ఇట్ల, ఒకటి అట్ల. మీ తలకున్నదైతె కట్ చేపిచ్చుకోమంటుంటి, కొత్తది వస్తది. దీనికి ఏడికెల్లి వస్తది?" అని సవరాన్ని తిరగేసి చూసింది. "రెండు తరీకలున్నయి. ఒకటి కెరాటిన్. మీద పూత పూసి, వేడి ఇస్త్రీ పెడ్త. మస్తు మెరుస్తది, పెండ్లి దినం ఎవ్వరు గుర్తువట్టరు. గాని ఆ వేడికి లోపల మిగిలింది గూడ పోతది. నాలుగు దినాలు, అంతే."

"రెండోది?"

"లోపల తెగినదాన్ని పట్టి నిలిపే మందు. మెరుపు రాదు. జడల పెట్టరాదు, గుంజి దువ్వరాదు. నెలకొక్కసారి తేవాలె. ఉన్నది ఉన్నట్టు నిలుస్తదేమో. గ్యారంటీ మాత్రం ఇయ్య."

పెళ్లికి వారం ఉంది. పక్క కుర్చీలో ఎవరో అమ్మాయికి ముఖానికి ఏదో పూస్తున్నారు. నేను అద్దంలో నన్ను చూసుకుంటూ కూర్చున్నాను. మొదటిది చేయిస్తే అక్క ముందు నా పరువు నిలుస్తుంది, పిల్ల జడలో అమ్మ ఒక్కరోజు మెరుస్తుంది. తర్వాత చెత్తబుట్టే. రెండోది చేయిస్తే పిల్లకు ఇవ్వడానికి ఏమీ ఉండదు, కానీ అమ్మ నా బీరువాలో మిగులుతుంది. అక్క అడిగింది కూడా అమ్మనే కదా అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. దాన్ని పక్కకు తోసి, "రెండోదే చెయ్యి," అన్నాను.

ఇంటికి పోతూ దారిలోనే అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, సవరం కనవడ్తలేదే. బీరువా అంత ఎతికిన."

"మంచిగ చూసినవా?"

"చూసిన. ఏడ పోయిందో ఏమో."

"సరే తియ్," అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

పిల్ల దుకాణంలో కొన్న సవరంతోనే పీటల మీద కూర్చుంది. అప్పగింతలు అయ్యాక ఫంక్షన్ హాల్లో కుర్చీలు మడిచేస్తున్నారు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిన అక్క, నేను ఒక మూల కూర్చున్నాం. నా మనసు ఊరుకోక, "అమ్మ సవరం ఉంటె బాగుండు గదా," అన్నాను. దొంగకు ఇంత ధైర్యం ఎక్కడిదో.

"అమ్మది ఏడిది? అండ్ల అమ్మవి ఒక్క ఎంటిక గూడ లేదు. అన్ని నీవి, నావి," అంది అక్క.

నాకు అర్థం కాలేదు. "మరి అమ్మవి?"

"గంపాయనకు ఇచ్చేది. పిల్లలయి బయటోళ్ల చేతుల పడితె ఎవరన్న మంత్రం గింత్రం చేస్తరని భయం ఆమెకు. తనయి అయితె ఏమైతదని ఇచ్చేది. నువ్వు జడ కాంగనే బయటికి ఉరుకుతుంటివి, నీకేం ఎర్క? నీ స్టీలు టిఫిన్ డబ్బ ఏడికెల్లి వచ్చిందనుకున్నవ్?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మనం చిన్నగున్నప్పటి ఎంటికలు నా బిడ్డ జడల ఉంటె మంచిగుంటదని ఆశుండె. గంతే. పోతె పోనియ్యి."

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఉంది అక్కా, పాడు చేశాను, దాచుకున్నాను అని. నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, లేచి కుర్చీలు మడిచేవాళ్లకు చేయందించాను.

ఆ టిఫిన్ డబ్బా రెండు గిన్నెలది. మూత మీద నా పేరు చెక్కి ఉండేది. పదో తరగతి దాకా దాంట్లోనే తిన్నాను. కరెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చిన ఏడాది, సొట్టలు పడిందని పాత సామాన్లలో వేసి ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాను. అమ్మ అప్పుడు పక్కనే ఉంది. డబ్బాను ఒకసారి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ ఆ కుప్పలోనే పెట్టింది.

నెల తిరగగానే సవరాన్ని మళ్లీ పార్లర్‌కు తీసుకుపోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. పార్లర్ ఆమె ఒక వెంట్రుకను తడిపి లాగి చూసింది. ఈసారి తెగలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది.

"చూడు అక్కా, అమ్మ ఎంటికలు నిలవడ్డయి. ఇగ ఫికర్ చెయ్యకు."

నేను తల ఊపాను. సవరం ఇప్పుడు కొంచెం గట్టిపడింది, ఆఫీసు కాయితాల వెనకే ఉంది. అందులో సగం అక్కది. అక్కకు మాత్రం అది పోయిందనే తెలుసు.