సెలైన్ లేని మంచం

చదువు కాగానే రావులపాలెం దగ్గర ఓ ఊళ్లో క్లినిక్ తెరిచాను. మా వైపు నీరసమంటే రోగం కాదు, సెలైన్ సీసా కోసం పెట్టుకునే అర్జీ. నేనేమో అవసరం లేనిదే సూది గుచ్చకూడదని వ్రతం పట్టాను. జనమంతా పక్క వీధిలో సీసాలెక్కించే ఆయన దగ్గరికి పోయారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, కూర బాగుందని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు అరటి మార్కెట్లో చిన్న కొట్టు పెట్టుకుని ఒంటరిగా బతికే మామ్మగారు వచ్చారు.

"నీరసంగా ఉంది బాబూ, ఓ సీసా పెట్టు."

చూశాను. "బీపీ నాకన్నా బాగుందండి."

"అయితే నువ్వూ ఒకటి పెట్టించుకో."

కాళ్లకు మాత్రం వాపుంది. పక్క వీధిలో వారం వారం ఎక్కించుకుంటున్నారట. ఆ వయసు గుండె అంత నీరు మోయలేదు. గుండె పరీక్షకు రాసిచ్చి, ఇక సీసాలు ప్రమాదమని చెప్పాను. నీరసానికి భోజనం మానకుండా చేస్తే చాలన్నాను.

"సీసా అయ్యేదాకా అక్కడి నర్సమ్మ పక్కనే కూర్చుని కబుర్లు చెబుద్ది. భోజనం ఏం చెబుద్ది?"

వైద్య నీతి మీద పరీక్ష రాసి పాసయ్యాను. అందులో ఈ ప్రశ్న రాలేదు.

"సీసా లేకుండా పడుకోండి. నేను కూర్చుంటాను," అన్నాను. ఫ్యాను వేసి, స్టూలు లాక్కున్నాను. ఆవిడ అలవాటుగా చెయ్యి చాపారు.

"పోనీ, దూదీ ప్లాస్టరూ అయినా అంటించు. ఊరికే పడుకున్నానంటే నవ్వుతారు."

"అదీ అబద్ధమేనండి."

"ఇందుకే నీ గుమ్మంలో చెప్పులుండవు," అని కళ్లు మూసుకున్నారు.

కబుర్లు చెప్పడం నాకు రాదు. మా హాస్టల్ సాంబారు గురించి మొదలుపెట్టాను. పోపు దాకా రాకముందే గురక వినిపించింది. అయినా ఆపలేదు. చాలా రోజులకు ఎదురుగా ఓ మనిషి దొరికింది మరి.

లేచి చెప్పులేసుకుంటూ తీర్పు చెప్పారు: "నర్సమ్మే నయం బాబూ. నీ కబుర్లలో ఉప్పు లేదు."

వీధి చివర ఎటు తిరుగుతారా అని గుమ్మంలో నిలబడి చూశాను. సీసాల వీధి వైపు ఒకసారి చూసి, ఇంటి వైపు తిరిగారు. వచ్చే వారం సంగతి ఆవిడకే తెలియాలి.

లోపలికొచ్చి దుప్పటి సర్దాను. పేషెంట్లెవరూ లేరు కాబట్టి నేనే పడుకున్నాను. పక్కన స్టూలు ఖాళీగా ఉంది.